బొమ్మ, బొరుసు, తూకం: నెల్లూరు పెద్దాయన వదిలివెళ్లిన నాణేల పట్టిక

నెల్లూరులో తపాలా శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, పన్నెండేళ్లపాటు తన పింఛనులోంచే ఖర్చు పెట్టుకుని, ఆంధ్రదేశంలో దొరికే పాత నాణేలకు తెలుగులో ఒక ఆన్‌లైన్ పట్టిక తయారుచేశారు. నిరుడు కార్తీకంలో ఆయన కాలం చేశారు. పట్టిక ఇంకా నడుస్తోంది. రుసుము లేదు, పేరు నమోదు చేసుకోనక్కరలేదు. ప్రచారమంటే గిట్టని మనిషి కనుక ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఐదేళ్లుగా దాన్ని వాడుతున్నవాణ్ణి కాబట్టి, దాని మంచిచెడ్డలు రెండూ చెప్పగలననుకుంటున్నాను.

దాని అసలు బలం తూకంలో ఉంది. ప్రతి నాణేనికీ బొమ్మ వైపు ఒక ఫొటో, బొరుసు వైపు ఒక ఫొటో, లోహం, అడ్డుకొలత, గ్రాములో నూరోవంతు దాకా బరువు ఇచ్చారు. నేను మొదటిసారి ఒక రాగి కాసు ఫొటో పంపినప్పుడు, "తూకం లేని నాణెం ఫొటో పెళ్లిచూపుల ఫొటో లాంటిది అబ్బయా, దాన్ని చూసి మాట ఇవ్వకూడదు" అని తిప్పి పంపారు. ఆ మాట విలువ నాకు డబ్బు పోయాక తెలిసింది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి గుడి కట్టించాడు; ఆయన వరహాల మీద కూర్చున్న బాలకృష్ణుడి రూపం, వెనుక నాగరి లిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అన్న ముద్ర ఉంటాయి. నెల్లూరు జిల్లావాడికి అలాంటి నాణెం మీద ఆశ పుట్టడం సహజమే కదా. ఒక వ్యాపారి దగ్గర అది కొని, ఇంటికొచ్చి తూస్తే 2.6 గ్రాములు వచ్చింది. వరహా 3.4 గ్రాముల దగ్గర, అరవరహా 1.7 గ్రాముల దగ్గర తూగాలని, నడిమి బరువు దేనికీ చెందదని పట్టికలో స్పష్టంగా రాసి ఉంది. కొనకముందు చూడకపోవడం నా తప్పు.

రోమను నాణేల విభాగం చిన్నదే గాని, నాకు ఎక్కువగా నచ్చింది అదే. 1780ల నడుమ నెల్లూరు దగ్గర రాళ్ల గుట్ట పక్కన దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, అందులో క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా భాగం బంగారం కరిగించే మూసలోకే పోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలోంచి రోము చక్రవర్తి హాడ్రియన్ నాణేన్ని ఒకటి, రోము రాణి ఫాస్టీనా నాణేన్ని ఒకటి ఎంచుకున్నాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని, కొన్నింటికి చిల్లులు పడి ఉన్నాయని ఆయన లేఖలో రాశాడు. అంటే, మన ఆడవాళ్ల మెడలో కాసులపేరుకు రోము చక్రవర్తులూ పనికివచ్చారన్నమాట. పెద్దాయన ఈ పని తలపెట్టడానికి ఆ మూసే కారణం. నెల్లూరులో బంగారు దుకాణాలుండే ఆచారి వీధిలో దుకాణం దుకాణానికీ వెళ్లి, కరిగించబోయే ముందు పది నిమిషాలు ఇమ్మని అడిగి, తూచి, ఫొటో తీసి, తిరిగి ఇచ్చేసిన నాణేలే పట్టికలో సగానికి పైగా ఉన్నాయి.

తెలియనిదాన్ని తెలియదనే రాయడం ఆయన పద్ధతి. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న శాతవాహనుల సీసపు నాణేలనే తీసుకోండి. కోరమాండల్ తీరంలో దొరికే వీటిని కొందరు పండితులు యజ్ఞశ్రీ శాతకర్ణికి ఆపాదించారు, మరికొందరు వాసిష్ఠీపుత్ర పులుమావి వైపు మొగ్గారు. ఆయన రెండు పేర్లూ ఇచ్చి, అరిగిపోయిన అక్షరాల దగ్గర చుక్కలు పెట్టి వదిలేశారు.

నకిలీల విభాగం విడిగా చదవదగ్గది. రాముడు, హనుమంతుడు, పక్కన 1818 అన్న అంకెలు ఉన్న ఈస్టిండియా కంపెనీ అణాలు కంపెనీ ఎన్నడూ వేయలేదని, బియ్యాన్ని లాగే రాగినాణెం ఏ రాజూ ముద్రించలేదని బొమ్మలతో సహా చూపారు. రైస్ పుల్లింగ్ మాటలు నమ్మి లక్షలు పోగొట్టుకున్నవారి కథలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకూ కొత్త కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలన్న సంగతి ప్రతి పుట అడుగునా ఉంటుంది. దొంగతవ్వకందార్లకు దారి చూపకూడదని, దొరికిన చోటును మండలం దాకే రాసి ఊరు చెప్పలేదు. పరిశోధకులు దీన్ని లోపమంటారు. నేను ఆయన పక్షమే.

ఇక లోపాలు. వెతుకులాట మొండిది: సాతవాహన అని కొడితే ఏమీ రాదు, శాతవాహన అనే కొట్టాలి. మొదటి మూడేళ్ల ఫొటోలు ట్యూబులైటు కింద తీసినవి, వాటిలో వెండీ సీసమూ ఒకేలా కనిపిస్తాయి. ప్రకాశం జిల్లా నాణేలు, కనుపర్తి వంటి శాతవాహనుల కాలపు ఊరు ఉండి కూడా, మరీ తక్కువ. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి రోమను నాణేల పట్టికలో నలభై వేలకు పైబడిన రకాలున్నాయి, అదీ ఉచితమే. రోమను నాణెం రకం తేల్చుకోవాలంటే అక్కడికే వెళ్లాలి. అరవరహాకూ, అంతకన్నా చిన్న నాణెమైన పణానికీ తేడా తెలుగులో చెప్పేది కావాలంటే మాత్రం నేను ఇక్కడికే వస్తాను.

ఏడాది హోస్టింగు ఖర్చు ఇప్పుడు వారి అమ్మాయి కడుతున్నారు. ఉత్తరాలకు ఆదివారాల్లో జవాబిస్తున్నారు, కాస్త ఆలస్యం కావచ్చు. పంపేవారు రెండు వైపులా పగటి వెలుగులో ఫొటో తీసి, బరువు తప్పక రాయండి. ఇంట్లో త్రాసు లేకపోతే ఆచారి వీధిలో ఎవరిని అడిగినా తూచి పెడతారు. నాణేన్ని తోమి మాత్రం తీసుకెళ్లవద్దు.