ఈరోజు మెల్లగానే పోదాం: రోడ్ బైకుతో ఆరేళ్లు

ఈ రోడ్ బైకుని, అంటే వేగంగా తొక్కడానికి చేసిన సన్న టైర్ల సైకిల్‌ని, 2019 జనవరిలో కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, ముందు ఫోర్కు మాత్రం కార్బన్, షిమానో సోరా గేర్లు, బరువు 9.6 కిలోలు. ఖరీదు 62 వేలు. ఇంట్లో చెప్పింది 22 వేలు. ఈ రెండో అంకె నా పీకల మీదికి ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. ఇప్పటికి 21 వేల కిలోమీటర్లు దాటింది కాబట్టి నాలుగు మాటలు రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను. కొన్న వారానికే రాసే సమీక్ష, పెళ్లైన వారానికే అల్లుణ్ణి మెచ్చుకున్నట్టు ఉంటుంది.

ముందు సైకిల్ సంగతి తేల్చేస్తాను. ఫ్రేముకి ఏమీ కాలేదు. గేర్లు ఇప్పటికీ టక్కున పడతాయి. చైన్ ఆరుసార్లు, వెనక పళ్ల చక్రాల సెట్టు రెండుసార్లు, కేబుళ్లు రెండుసార్లు మార్చాను. చైన్ సాగిందో లేదో చూసే చిన్న రేకు ముక్క ఒకటి దొరుకుతుంది, తప్పకుండా కొనుక్కోండి. సాగిన చైన్‌ని అలాగే తొక్కితే పళ్లను తినేస్తుంది, అప్పుడు ఖర్చు మూడింతలు. సైకిల్‌తో వచ్చిన సీటు నెల తిరక్కుండానే తీసేశాను. టైర్లు 25 మిల్లీమీటర్లవి వచ్చాయి, షాపులో వాటికి 110 పీఎస్‌ఐ గాలి కొట్టి పంపారు. రెండు వారాలు పళ్లు కదిలిపోయాయి. 28వి వేసి, గాలి 75కి దించాక ప్రాణం లేచొచ్చింది. టైరు రాయిలా ఉంటేనే వేగం అనేది పాత నమ్మకం. గతుకుల మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుడుకి పెట్టే బలం మన కాళ్లదే.

ఒక్క ఫిర్యాదు ఉంది. మూడో ఏడు పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమని చప్పుడు మొదలైంది. ఒక మెకానిక్ పెడల్ ఇరుసు బేరింగులు మార్చాడు. ఇంకొకాయన సీటు గొట్టం పీకి గ్రీజు పూశాడు. గ్రూపులో పదకొండు మంది పదకొండు రోగాలు చెప్పారు. నాలుగు నెలలు, ఐదు వేల రూపాయల తర్వాత తెలిసిందేమిటంటే, చప్పుడు నా ఎడమ బూటు కింద వదులైన స్క్రూది. సైకిల్‌కి క్షమాపణ చెప్పాను, పైకే.

గ్రూపు అన్నాను కదా. సైకిల్ కొన్న మూడో ఆదివారం నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ఆరేళ్లలో ఆ గ్రూపులో నేను ఎక్కువసార్లు చదివిన వాక్యం ఒకటే: "ఈరోజు మెల్లగానే పోదాం."

ఇంతకంటే పెద్ద అబద్ధం రోడ్ సైకిలిస్టుల నోట రాదు. హైదరాబాద్ అంచున నార్సింగి దగ్గర ఉదయం ఐదుంబావుకి కలుస్తాం. ఒకరికి మోకాలు నొప్పి. ఒకరికి రాత్రి నిద్ర లేదు, ఇంటికి చుట్టాలొచ్చారు. ఇంకొకరు రెండు వారాల నుంచి సైకిల్ ముట్టలేదు. అందరం ఒకరి మీద ఒకరు జాలిపడి బయలుదేరుతాం. పది నిమిషాలు నిజంగానే మెల్లగా పోతాం. గండిపేట చెరువు గాలి తగిలేసరికి, పక్కపక్కన పోతున్న ఇద్దరిలో ఒకరి ముందు చక్రం అర అడుగు ముందుకు జరుగుతుంది. కావాలని కాదట. పక్కవాడు దాన్ని సమం చేస్తాడు. మొదటివాడు మళ్లీ అర అడుగు. మాటలు ఆగిపోతాయి. చిలుకూరు మలుపు వచ్చేసరికి మీటర్లో వేగం 37 కనిపిస్తుంది, బాలాజీకి దణ్ణం పెట్టుకునే తీరిక కూడా ఉండదు. ఆరేళ్ల అనుభవంతో చెబుతున్నాను, మోకాలు నొప్పి అన్నవాడి వెనక చక్రం పట్టుకోకండి. వాడు రాత్రి పెందలాడే పడుకున్నాడు.

వెనక చక్రం పట్టుకోవడం గురించి కొత్తవాళ్లకి చెప్పాలి. గంటకి 30 కిలోమీటర్లు దాటితే మనం పెట్టే బలంలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడికి రెండడుగుల వెనక నక్కితే పావు వంతుకు పైగా శ్రమ మిగులుతుంది. అందుకే వంతులవారీగా ముందుకు పోవాలి, ఇది రాయని చట్టం. చట్టం ఉన్నచోట దాన్ని దాటేవాడూ ఉంటాడు. మా గ్రూపులో అలాంటివాణ్ణి జలగ అంటాం. నలభై కిలోమీటర్లు ఒక్కసారి ముందుకు రాడు, చేవెళ్ల బోర్డు కనిపించగానే అందరినీ దాటి దూసుకుపోయి చేతులెత్తుతాడు. ఊరి బోర్డు ముందు ఎవరు తాకితే వాళ్లు గెలిచినట్టు. బహుమతి లేదు, చూసేవాడు లేడు, పొలానికి పోయే పెద్దాయన ఒకరు తప్ప. ఆయన ఒకసారి అడిగాడు: "ఏం బాబూ, వెనక ఎవరన్నా తరుముతున్నరా?"

నిజంగా తరిమేవి కుక్కలు. కుక్కల ముందు మాత్రం ఎవరూ "మెల్లగానే" అనరు. అప్పటిదాకా ఆయాసపడుతున్నవాడి కాళ్లలోంచి ఎక్కడిదో బలం తన్నుకొస్తుంది. సైకిల్ దిగి, దాన్ని అడ్డం పెట్టుకుని నిలబడితే చాలా కుక్కలు ఆసక్తి పోగొట్టుకుంటాయి. ఈ సంగతి గ్రూపులో అందరికీ తెలుసు, ఆ క్షణంలో ఎవరికీ గుర్తురాదు.

గుంపులో పోయేటప్పుడు చేతి సైగలు ముఖ్యం. గుంత ఉంటే ముందువాడు వేలు కిందికి చూపించి "గుంత!" అని అరుస్తాడు, ఆగిన బండి ఉంటే నడుం వెనక చెయ్యి ఊపుతాడు, వెనక కారొస్తే చివరివాడు "కార్ బ్యాక్!" అంటాడు. మన దగ్గర చూపించడానికి గుంతలే ఎక్కువ కాబట్టి కొన్ని రోడ్ల మీద ముందువాడికి హ్యాండిల్ పట్టుకునే అవకాశం ఉండదు. నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట: తెల్లవారుజామున వెనక ఎర్రలైటు, తలకి హెల్మెట్ లేనివాణ్ణి మేం రైడ్‌కి రానివ్వం. ఆ వేళకి లారీ నడిపే మనిషి రాత్రంతా నిద్ర లేకుండా ఉంటాడు.

బట్టల సంగతి. మెత్త కుట్టిన బిగుతు నిక్కరు మీద వెయ్యి రూపాయలు మిగుల్చుకోవద్దు, ఆ మిగులు సరిగ్గా ఎక్కడ నొప్పి పెడుతుందో మీకే తెలుస్తుంది. దాని లోపల ఇంకేమీ వేసుకోరు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, నాలుగు నెలలు ఒరుసుకుపోయాక సిగ్గు విడిచి అడిగాను. ఆ అవతారంలో చేవెళ్ల టిఫిన్ సెంటర్లో మొదటిసారి నిలబడ్డప్పుడు పక్కన ఉన్న ఇద్దరు ముసలమ్మలు మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు వాళ్లకీ అలవాటైంది, నాకూ అలవాటైంది. ఎండకి తొడ సగం నుంచి కింద నలుపు, పైన తెలుపు. చేతులూ అంతే. చెల్లెలి గృహప్రవేశంలో పంచె కట్టుకుని ఒట్టి భుజాలతో పీటల పక్కన కూర్చుంటే అమ్మ దగ్గరికొచ్చి, "చేతులు ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నావురా?" అంది. మా గ్రూపులో ఆ గీత ఎంత పదునుగా ఉంటే అంత గౌరవం.

బూటు పెడల్‌కి అతుక్కునే రకం పెడల్స్ రెండో ఏడు వేయించాను. 1984లో లుక్ అనే ఫ్రెంచ్ కంపెనీ మంచు మీద జారే స్కీ బూట్ల బిగింపు చూసి వీటిని తెచ్చింది, మరుసటి ఏడు ఫ్రెంచ్ సైకిలిస్టు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెం గెలిచాడు. నేను వాటితో నార్సింగి సిగ్నల్ దగ్గర పడ్డాను. వేగం సున్నా. ఎర్రలైటు పడింది, ఆగాను, కాలు బయటికి తిప్పడం మర్చిపోయాను, నరికిన చెట్టులా నెమ్మదిగా ఎడమవైపు ఒరిగాను. ఆటో ఆయన దిగొచ్చి, "చక్కరొచ్చిందా సార్?" అని నీళ్లిచ్చాడు. అవునన్నాను. నిజం చెప్పడం కంటే కళ్లు తిరిగాయని ఒప్పుకోవడమే నయమనిపించింది. బూటు కింద బిగించే ముక్కల్ని క్లీట్లు అంటారు; షిమానోవి అయితే, కొత్తవాళ్లు మడమకి ఆరు డిగ్రీల కదలిక ఇచ్చే పసుపు వాటితో మొదలుపెట్టండి. కదలనివ్వని ఎర్రవి మోకాళ్లకి మంచిది కాదు, కనీసం నా మోకాళ్లకి కాదు.

ఇక అనంతగిరి. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడన పోయి, వికారాబాద్ దాటి కొండెక్కి తిరిగొస్తే మాకు 140 కిలోమీటర్ల పైమాట. ఆ ఎక్కుడు దగ్గరే బరువు పిచ్చి పుడుతుంది. పోటీ సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2000 నుంచి నియమం పెట్టుకుంది. ఆ నియమానికీ మాకూ ఏ సంబంధమూ లేకపోయినా అందరం ఆ అంకె వైపే చూస్తాం. ఒక మిత్రుడు 200 గ్రాములు తగ్గించడానికి 14 వేలు పెట్టాడు. లెక్క వేసి చూపించాను: మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలైతే, పదిహేను నిమిషాల ఎక్కుడులో 200 గ్రాములకి మిగిలేది రెండు సెకన్లు. ఆయన ఒప్పుకోలేదు. కిందికొచ్చి రెండు ప్లేట్ల వడ, పైన ఒక మసాలా దోసె తిన్నాడు.

తొక్కిన దూరం లెక్కగట్టి నలుగురికీ చూపించే స్ట్రావా యాప్ గురించి ఒకటే చెబుతాను. ఒకరోజు ఇంటి గేటు దగ్గర మీటరు 99.3 దగ్గర ఆగింది. సెల్లార్లో స్తంభాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. కిందికి పోతే జీపీఎస్ అందదని గుర్తొచ్చి, పైకొచ్చి అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగాను. మూడో చుట్టులో వాచ్‌మన్ టార్చి పట్టుకొచ్చాడు. "ఏం పోయింది సార్? నేనూ వెతుకుతా."

2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచాక మాకు ఇంకో దారి దొరికింది. ఎండ లేదు, లారీ లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచి చోటు నగరంలో నాకు తెలిసి లేదు. పాతవాళ్లకి కాస్త విసుగు. సాయంత్రాలు మధ్యలో నిలబడి రీల్స్ తీసుకునేవాళ్లుంటారు, బెల్లు పెట్టించుకోండి.

ఈ అబద్ధాలేవీ చెల్లని చోటు ఒకటుంది, బ్రెవే అనే గడువు పెట్టిన దూరపు రైడ్. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే ఇరవై గంటల్లో పూర్తి చెయ్యాలి. ఎవరు ముందొచ్చారన్న లెక్క ఉండదు. వీటన్నిటికీ పెద్దన్న పారిస్-బ్రెస్ట్-పారిస్, 1891లో మొదలైంది, టూర్ ద ఫ్రాన్స్ కంటే పన్నెండేళ్లు పాతది. ఇప్పుడది నాలుగేళ్లకోసారి, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. నేను జహీరాబాద్ దాకా పోయొచ్చే 200 చేశాను. 120 దగ్గర కడుపు ఖాళీ అయి కళ్లముందు చుక్కలు కనిపించాయి, తినడం మర్చిపోయాను. చెరకు బండి ఆయన మూడు గ్లాసుల రసం పోశాడు. నాతోపాటు తొక్కుతున్న అరవై ఏళ్లాయన హ్యాండిల్ సంచిలోంచి పులిహోర పొట్లం తీసి సగం పెట్టాడు. దారంతా ఆయన "మెల్లగా పోదాం బాబూ" అంటూనే ఉన్నాడు, నిజంగానే మెల్లగా పోయాడు. ఆరేళ్లలో ఆ మాటకి కట్టుబడిన మనిషి ఆయనొక్కడే. పన్నెండు గంటలకి కాస్త ముందు చేరాం.

మళ్లీ కొనమంటే ఇదే కొంటాను. ఇంకాస్త లావు టైరు పట్టే ఫ్రేము, డిస్క్ బ్రేకులు చూసుకుంటాను, అంతే. ఆఫీసుకి పోవడానికైతే ఇది వద్దు, బ్యాగు తగిలించడానికి చోటు లేదు, కింద వదిలి పైకి పోవడానికి ధైర్యం చాలదు.

22 వేల సంగతి బాకీ ఉన్నాను. పోయిన సంక్రాంతికి మా బావమరిది ఇంటికొచ్చాడు, సైకిల్ ఎత్తి చూసి మురిసిపోయాడు. వాళ్లక్క వంటింట్లోంచే ధర చెప్పింది. వెంటనే 22 వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, "నాకూ ఇలాంటిదే కొనిపెట్టు బావా" అన్నాడు. ధరలు పెరిగాయిరా అని నసిగాను. "ఎంత, ఓ రెండు వేలా?" అంటూ ఇంకో రెండు పెట్టాడు. మిగిలిన 41 వేలు నా బోనస్‌లోంచి పోయాయి, ఆ బోనస్ ఈ ఏడు రాలేదని ఇంట్లో చెప్పాను.

ఫిబ్రవరిలో మొదటి ఆదివారం వాణ్ణి రైడ్‌కి తీసుకెళ్లాను. నార్సింగి దగ్గర హెల్మెట్ బిగించుకుంటూ, "నాకు కొత్త బావా, పైగా కాస్త జలుబు. మెల్లగానే పోదాం" అన్నాడు. మొయినాబాద్ బోర్డు దగ్గర వాడి వీపు కూడా నాకు కనిపించలేదు.