మహేంద్రగిరికి నడకా, అరకుకి సైకిలా?

తూర్పు కనుమలు ఎక్కాలని సరదాపడే మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లకి ముందు వచ్చే సందేహం ఇదే.

శ్రీకాకుళం వాళ్లకి మందస వెనకాలే మహేంద్రగిరి ఉంది. శిఖరం ఒడిశాలో, ఎత్తు సుమారు 1,500 మీటర్లు. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి జనం బారులు తీరి ఎక్కుతారు. మిగతా రోజుల్లో దారి తెలిసిన ఊరివాళ్ల తోడు లేకుండా వెళ్లొద్దు. నీళ్లు మోసుకెళ్లాల్సిందే.

విజయనగరం వాళ్లకి ఎస్.కోట నుంచి అరకు ఘాట్ రోడ్డు. తారు రోడ్డే కాబట్టి దారి తప్పుతామన్న టెన్షన్ లేదు. అనంతగిరి దగ్గర కాఫీ తోటల నీడ హాయిగా ఉంటుంది. ఎక్కేటప్పుడు గేరు తగ్గించి నిదానంగా తొక్కితే చాలు. అసలు పరీక్ష దిగేటప్పుడే. బ్రేకు అదేపనిగా నొక్కిపెడితే రిమ్ము వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. మలుపుకి ముందే నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. ఎదురొచ్చే బస్సుకి మలుపులో రోడ్డంతా కావాలి మరి!

నన్నడిగితే నడకే. సైకిల్ మీద ఉన్నంతసేపూ చూపు రోడ్డు మీదే ఉంటుంది, కొండని చూడాలంటే ఆగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం సైకిలే ఎంచుకోండి. వానాకాలంలో రెండూ వద్దు: అక్కడ రాళ్లు జారతాయి, ఇక్కడ కొండచరియలు విరిగిపడతాయి.