నల్ల ప్లాస్టిక్‌కు ఇంటి ముందే రంగు: మూడో ఎండాకాలంలో ఎలా ఉంది?

ముందే తేల్చి చెప్తా. కారు బయటి నల్ల ప్లాస్టిక్‌కు ఇంటి దగ్గర స్ప్రే డబ్బాతో వేసిన రంగు నిలుస్తుంది, కానీ అన్నిచోట్లా కాదు. సైడ్ అద్దాల కప్పులకు, వైపర్ల కింద ఉండే జాలీకి పదికి తొమ్మిది మార్కులిస్తా. బంపర్ కింది అంచుకు ఆరు. డోర్ హ్యాండిళ్లకు రెండు కూడా దండగే.

మాది వ్యాగనార్ బేస్ మోడల్. హ్యాండిళ్లు, అద్దాల కప్పులు బాడీ కలర్‌లో ఉండవు, ఉత్త నల్ల ప్లాస్టిక్. నల్లగొండలో మా గల్లీలో కారుకు నీడ దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. ఆ ఎండకు ప్లాస్టిక్ పైపొర దెబ్బతిని బూడిదరంగుకు తిరుగుతుంది, వేలితో రుద్దితే పొడి అంటుతుంది. దానికి తోడు బోరు నీళ్లు. కడిగి వెంటనే తుడవకపోతే ఆరిన ప్రతి చుక్కా ఓ తెల్ల మచ్చే. తెల్ల బాడీ మీద ఎవరికీ కనబడదు గానీ నల్ల ప్లాస్టిక్ మీద దాచలేం.

రంగు దాకా ఎందుకు, పాలిష్ కొడితే పోయేదిగా అంటారు. అదీ వాడా. డాష్‌బోర్డ్ పాలిష్ పూస్తే మొదటి వానకే కారి డోర్ల మీద చారలు పడ్డాయి. కొందరు డ్రైవర్లు డీజిల్ గుడ్డతో తుడుస్తారు, సాయంత్రానికల్లా ఊళ్లో దుమ్మంతా దాని మీదే ఉంటుంది. హీట్ గన్‌తో వేడి చేస్తే నలుపు తిరిగొచ్చే మాట నిజమే, కానీ అది కొన్నాళ్ల ముచ్చట. పైగా గన్ ఒకేచోట కాసేపు ఆగితే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. పెయింటింగ్ షెడ్డులో అడిగితే మెరిసే నలుపు కొట్టేస్తామన్నారు. కంపెనీ ఇచ్చిన నలుపు మెరవదు, అందుకే వద్దనుకున్నా.

అసలు పని రంగు వెయ్యడం కాదు, అంతకుముందు చేసేదే. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. పార్టు విప్పి వెనక చూస్తే పీపీ అనో, ఏబీఎస్ అనో చిన్న అక్షరాల్లో అచ్చు ఉంటుంది. నా కారులో జాలీ పీపీ, అద్దాల కప్పులు ఏబీఎస్. ఏబీఎస్‌కు రంగు సులువుగా పడుతుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, దానికి ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు. ప్లాస్టిక్ కోసమే చేసిన ప్రైమర్ ముందు పలచగా కొట్టాలి, లేకపోతే పైన ఎంత మంచి రంగు వేసినా పొరలుగా లేస్తుంది. మామూలు లోహపు ప్రైమర్ ఈ పనికి రాదు. మా ఊరి షాపుల్లో అడిగితే అదే ఇవ్వబోయారు, చివరికి ప్లాస్టిక్‌దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. ఇంకో మాట. తుడవడానికి షాపువాళ్లు రంగు పలచన చేసే ఎన్సీ థిన్నర్ చేతిలో పెడతారు. ఏబీఎస్ మీద అది పడితే పైపొర మెత్తబడి పాడవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడగాలి. పాత పాలిష్‌లోని సిలికాన్ కాస్త మిగిలినా ఆ చోట రంగు నిలవక గుంటలు గుంటలుగా విడిపోతుంది. తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దాలి. గరుకు డిజైన్ ఉన్న చోట పేపర్ లోపలికి దిగదు, అక్కడ గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరే బాగా పనిచేసింది. జాలీ సందుల్లో పాత టూత్ బ్రష్. జాలీ విప్పేటప్పుడు క్లిప్పులు జాగ్రత్త. ఎండకు పెళుసెక్కి ఉంటాయి, కొన్ని విరగడం ఖాయం. కొత్తవి ముందే తెచ్చుకుంటే మంచిది.

ఆరుబయట పని కాబట్టి కాలం చూసుకోవాలి. ఎండాకాలంలో పార్టు కాలిపోతూ ఉంటుంది, రంగు దాని మీద పడేలోపే గాల్లో ఆరి గరుకుగా దిగుతుంది. వానాకాలం తేమకు తెల్లటి మసక వస్తుంది. ఆషాఢం గాలికైతే రంగు పక్కింటివాళ్ల బండి మీదికి పోతుంది. మా దగ్గర కార్తీకం నుంచి సంక్రాంతి దాకా సరైన అదను. అప్పుడు కూడా మంచు పూర్తిగా ఆరాక, తొమ్మిది దాటాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించాలి. దుమ్ము లేవకుండా చుట్టూ నేల మీద నీళ్లు చల్లా. మిద్దె మీద ఆరేసిన బట్టలు కూడా తీయించా, మా ఇంటావిడ ముందే హెచ్చరించింది.

అద్దాల కప్పులను విప్పకుండా అక్కడికక్కడే టేపు, పేపర్ చుట్టి వేశా. రోడ్డు మీద పోతూ ఎదురింటి కుర్రాడు ఆగి, "ఏందన్నా, కారుకు కాటుక పెడుతున్నవా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ముక్కుకు మాస్క్ ఉంది. గుడ్డ కట్టుకుంటే ఈ ఆవిరి ఆగదు, ఆవిరిని పీల్చుకునే ఫిల్టర్ డబ్బీ, అంటే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి.

డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపాలి. జానెడు కంటే కాస్త దూరం నుంచి, పార్టు అంచు బయట నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి కోటు వేశాక "ఏం పడింది? ఏమీ పడలేదే" అనిపించాలి. అంత పలచగా ఉంటేనే కారదు. పది పదిహేను నిమిషాలు ఆగి తర్వాతి కోటు. చివరి కోటు ఇంకా కొంచెం జిగటగా ఉండగానే టేపు లాగెయ్యాలి. ఎండలో వదిలేస్తే దాని జిగురు అద్దానికే పట్టుకుంటుంది. ముట్టుకుంటే గంటలో ఆరినట్టే ఉంటుంది గానీ నిజంగా గట్టిపడటానికి వారం పడుతుంది. ఆ వారం కారు కడగలేదు.

అసలు మెరుపే లేని మ్యాట్‌తో, కొద్దిపాటి మెరుపుండే శాటిన్‌తో, రెండిటితోనూ వేసి చూశా. బంపర్‌కు వాడిన మ్యాట్ మొదట్లో చాలా బాగుంది, కానీ చెయ్యి తగిలితే మరక, బోరు నీళ్లు పడితే మచ్చ. అద్దాలకు, జాలీకి వాడిన శాటిన్ కంపెనీ నలుపుకు దగ్గరగా ఉంటుంది, తుడిస్తే శుభ్రమవుతుంది. మన నీళ్లకు శాటినే నయం.

ఇప్పటి పరిస్థితి ఇది. జాలీ కొంచెం మందగించింది, కానీ బూడిదరంగుకు పోలేదు. వైపర్లు మార్చడానికి వచ్చిన మెకానిక్ కొత్త జాలీ వేశారా అని అడిగాడు. అద్దాల కప్పుల్లో ఎడమదాని అంచున ఓ గీత ఉంది, బైకు హ్యాండిల్ తగిలి. బంపర్ కింద మాత్రం హైదరాబాద్ వెళ్లొచ్చే హైవే రాళ్లకు చుక్కలు చుక్కలుగా లేచి అడుగున బూడిదరంగు కనబడుతోంది. డబ్బా మూతలోకి కాస్త స్ప్రే చేసి, సన్న బ్రష్‌తో అద్దుతున్నా. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే ప్రెషర్ గన్‌ను దగ్గర పెట్టొద్దని చెప్పాలి, అంచు ఒక్కసారి లేస్తే మిగతాది దాన్నంటే వస్తుంది.

హ్యాండిళ్లకూ ఇదే శ్రమ, ఇదే ప్రైమర్, ఇదే శాటిన్. అయినా మొదటి ఏడాదిలోనే వేళ్లు దూర్చే లోపలి వైపు పోయింది. రోజూ గోళ్లు, ఉంగరాలు, తాళం చెవులు రాసుకునే చోట ఈ పలచటి పొర ఏం ఆగుతుంది? కిటికీ అద్దాల రబ్బరు బీడింగ్‌కైతే అసలు వెయ్యొద్దు. అద్దం పైకీ కిందికీ కదిలితే రాలి గాజుకు అంటుకుంటుంది.

వాడగా మిగిలిన డబ్బాను కారు డిక్కీలో ఉంచుకోవద్దు. 50 డిగ్రీలు దాటనివ్వద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మే నెలలో మూసిన కారు లోపల వేడి అంతకంటే ఎక్కువే. నాది ఇంట్లో మెట్ల కింద ఉంది, బంపర్ కోసం. హ్యాండిళ్లు కొత్తవే కొంటున్నా. డ్రైవర్ వైపుది ఇప్పటికే మార్చేశా.