చౌక సోలార్ డ్రయ్యర్: చాలా సీజన్లు వాడాక

చెక్క ఫ్రేము, పైన ఎండను తట్టుకునే యూవీ పాలిథిన్ షీటు, అడుగున నల్లరంగు వేసిన రేకు, మధ్యలో జాలీ ట్రేలు. మా డ్రయ్యర్ ఇంతే. మామిడి, అరటి, అనాస అన్నీ ఇందులోనే ఎండబెడుతున్నాం. కాయ ఒక్కసారిగా దిగి ధర పడిపోయే రోజుల్లో చిన్న రైతుకు ఇది నిజంగా ఆసరా.

కట్టించుకునేవాళ్లు మొదట అడిగేది లోపల ఎంత వేడి వస్తుందని. నేనైతే గాలి ఎటు వచ్చి ఎటు పోతుందో ముందు చూడమంటాను. ముక్కల తేమ బయటికి పోకపోతే ఎంత వేడున్నా లాభం లేదు. షీటు లోపల నీటి చుక్కలు పట్టి మళ్లీ ముక్కల మీదే పడతాయి. కింద గాలి సందు, పైన చిమ్నీ, రెండింటికీ ఈగలు దూరని సన్న జాలీ ఉండాల్సిందే. వేడి 50 నుంచి 60 డిగ్రీలు చాలు. మరీ ఎక్కువైతే పైపొర గట్టిపడి తేమ లోపలే చిక్కుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది. మంచి సరుకు అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ముక్కలు 5 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో, అన్నీ ఒకేలా కోయాలి. మామిడి గుజ్జులో 80 శాతానికి పైగా నీరే. తొక్క, టెంక తీసేసి ఎండబెడితే 10 కిలోల పండ్లకు చేతికొచ్చేది కిలో పైచిలుకు. అమ్మకం ధర చెప్పేముందు ఈ లెక్క వేసుకోండి.

ట్రేలకు జింకు పూత జాలీ వద్దు, పండ్ల పులుపు దాన్ని తినేస్తుంది. స్టీలుదో, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్‌దో తీసుకోండి. షీటు కూడా కాలం గడిచేకొద్దీ మసకబారి, మేకుల దగ్గర చిరుగుతుంది. దాన్ని మార్చే ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి.

ఎండిన ముక్కలను వెంటనే ప్యాక్ చేయకండి. గాజు సీసాల్లో వదులుగా నింపి, వారం పాటు రోజూ కుదపండి. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ట్రేలోకే.

దీని అసలు లోపం మబ్బు. సగం ఎండిన ముక్కలు రాత్రికి పులిసిపోతాయి. అందుకే తెల్లవారి ఆకాశం తేటగా ఉంటేనే కత్తి పడతాం, సాయంత్రం సందులు మూసేస్తాం. వానలు తెరిపివ్వని చోట దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. కట్టెలతోనో కరెంటుతోనో వేడి అందించే ఏర్పాటు పక్కన ఉండాలి.