డోర్ట్‌మండ్ సౌత్ స్టాండ్: కొన్ని సీజన్లు నిలబడి చూశాక

చదువుకో ఉద్యోగానికో జర్మనీ వస్తున్న మన కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: డోర్ట్‌మండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఏ టికెట్ కొనాలి అన్నా? దొరికితే సౌత్ స్టాండ్‌లో, అంటే గోల్ వెనక దక్షిణం వైపు గ్యాలరీలో, నిలబడే టికెట్ కొనమంటాను. కానీ ఆటను మాత్రమే చూద్దామని వెళ్తుంటే అది వద్దంటాను. ఈ రెండు మాటలకూ పొంతన లేనట్టుంటుంది కాబట్టి, ఇన్ని సీజన్లు అక్కడ నిలబడ్డాక నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

1974 ప్రపంచ కప్ కోసం కట్టిన స్టేడియం ఇది. అప్పటి పేరు వెస్ట్‌ఫాలెన్ స్టేడియం. స్పాన్సర్ పేరు తర్వాత వచ్చింది కానీ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేరే పలుకుతారు. జర్మన్ లీగ్ మ్యాచ్‌కి 81,365 మంది పడతారు. అందులో దాదాపు 25 వేల మంది ఒక్క సౌత్ స్టాండ్‌లోనే నిలబడతారు. టీవీలో ఎల్లో వాల్ అని చూపించేది దీన్నే. పైభాగంలో వాలు 37 డిగ్రీల దాకా ఉంటుంది. మొదటిసారి పైమెట్టు ఎక్కి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి.

టికెట్ మీద బ్లాక్ నంబర్ ఉంటుంది తప్ప సీటు నంబర్ ఉండదు. ముందు వచ్చినవాళ్లకు మంచి చోటు. అందుకే గేట్లు తెరిచే వేళకే జనం లోపలికి వెళ్లిపోతారు. గోల్ వెనక సరిగ్గా మధ్యలో ఉండే 12, 13 బ్లాకుల్లో అల్ట్రాలు, అంటే జట్టు వీరాభిమానుల బృందాలు ఉంటాయి. పాటలు పాడించేవాళ్లు మైదానానికి వీపు పెట్టి, మైక్ పట్టుకుని తొంభై నిమిషాలూ జనం వైపే చూస్తూ నిలబడతారు. ఆ చుట్టుపక్కల ఫోన్ తీసి వీడియోలు తీస్తుంటే పక్కవాళ్లకు నచ్చదు, అది న్యాయమే. కొత్తవాళ్లు పక్క బ్లాకుల్లోనో, పైన 80ల నంబర్లున్న బ్లాకుల్లోనో మొదలుపెట్టడం మంచిది.

స్టాండ్ పొడవునా నడుము ఎత్తులో ఇనుప కడ్డీలు ఉంటాయి. గోల్ పడ్డప్పుడు పైనున్న జనం ఒక్కసారిగా కిందికి వచ్చి పడకుండా ఆపేవి అవే. కడ్డీ మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. అప్పుడు పై నుంచి వచ్చే తోపు మీ మీద పడదు. కడ్డీ ముందుంటే చేతులు ఆనించుకోవడానికి హాయిగా ఉంటుంది కానీ, చివరి నిమిషంలో గోల్ పడితే పొట్ట నలిగిపోతుంది.

ఇక ఆట ఎలా కనిపిస్తుందంటే, దగ్గరి గోల్ అద్భుతం. కార్నర్ కొట్టేటప్పుడు ఎవరు ఎవరిని పట్టుకుని లాగుతున్నారో కూడా తెలుస్తుంది. దూరపు గోల్ దగ్గర జరిగేది సగం ఊహే. ఆఫ్‌సైడ్ లైన్ గురించి మర్చిపోండి. మధ్యలో పెద్ద జెండాలు ఊగుతుంటే ఆ కాస్త కూడా కనిపించదు. వ్యూహం గమనించాలనుకునేవాళ్లకు ఈస్ట్, వెస్ట్ స్టాండ్ల సీట్లే సరైనవి. పొడవు తక్కువైనవాళ్లకు, చిన్న పిల్లలతో వచ్చేవాళ్లకు, సిగరెట్ పొగ పడనివాళ్లకు కూడా అదే నా సలహా.

మరి ఎందుకు నిలబడాలి? ఇక్కడ జనం మ్యాచ్‌లో పాల్గొంటారు. అనౌన్సర్ నార్బర్ట్ డికెల్ గోల్ కొట్టినవాడి మొదటి పేరు అరిస్తే, ఇంటిపేరు స్టేడియం అంతా కలిసి అరుస్తుంది. ఆయన 1989 జర్మన్ కప్ ఫైనల్లో డోర్ట్‌మండ్ తరఫున రెండు గోల్స్ కొట్టిన మనిషి. అలాంటి మనిషి చేతిలో మైక్ ఉండటం నాకు ఎప్పటికీ ఇష్టమే.

నిలబడే స్టాండ్లు ఇక్కడ ఎలా మిగిలాయో కూడా తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో 1989 హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి పెద్ద స్టేడియాలన్నీ సీట్లకు మారాయి. సీట్లతో పాటు టికెట్ ధరలూ పెరిగాయి. జర్మనీ మాత్రం లీగ్ మ్యాచ్‌లకు నిలబడే స్టాండ్లు ఉంచి, ఛాంపియన్స్ లీగ్ లాంటి యూరప్ మ్యాచ్‌లకు సీట్లు బిగించే పద్ధతి పాటించింది. దాంతో ఛాంపియన్స్ లీగ్ రాత్రుల్లో ఇక్కడ దాదాపు 66 వేల మందే పట్టేవారు. 2022-23 నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ప్రయోగాత్మకంగా జర్మనీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బులకు నిలబడే చోట్లు ఉంచేందుకు అనుమతి ఇచ్చాక ఆ బాధ తప్పింది. 2024 మే 1న పారిస్‌తో సెమీఫైనల్‌కి స్టేడియం నిండా 81,365 మంది. మా ఫుల్‌క్రుగ్ గోల్ కొట్టినప్పుడు కాళ్ల కింద కాంక్రీట్ అదిరింది. ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-0తో ఓడాం, ఆ బాధ వేరు.

ధర విషయానికొస్తే, నిలబడే చోట సీజన్ టికెట్ ఒక్కో మ్యాచ్‌కి లెక్కేస్తే ఇరవై యూరోల లోపే పడుతుంది. అది ఊరికే రాలేదు. 2010లో పొరుగు ప్రత్యర్థి షాల్కేతో డెర్బీకి ధరలు పెంచితే, ఇరవై యూరోలకు మించి ఇచ్చేది లేదంటూ డోర్ట్‌మండ్ అభిమానులే ఉద్యమం చేశారు. 2018 ఫిబ్రవరిలో సోమవారం రాత్రి మ్యాచ్‌లు వద్దని ఔగ్స్‌బుర్గ్ మ్యాచ్‌ని బహిష్కరిస్తే సౌత్ స్టాండ్ వెలవెలబోయింది. 2021-22 నుంచి లీగ్ సోమవారం మ్యాచ్‌లు ఎత్తేసింది. 2023 డిసెంబర్‌లో లీగ్ ఆదాయంలో వాటా పెట్టుబడిదారుకు ఇస్తామన్నప్పుడు జర్మనీ అంతటా స్టాండ్లు మొదటి 12 నిమిషాలు మౌనంగా ఉన్నాయి. పాతికవేల గొంతులు ఒక్కసారి ఆగిపోతే ఆటగాళ్ల అరుపులు, బంతి చప్పుడు కూడా వినిపిస్తాయి. ఆ తర్వాత టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలో పడి ఆటలు ఆగాయి. 2024 ఫిబ్రవరి 21న లీగ్ వెనక్కి తగ్గింది. ఓట్లలో మెజారిటీ క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలనే 50+1 నియమం ఉన్న దేశంలోనే ఇది సాధ్యమని నా నమ్మకం.

మనవాళ్లకు బాగా అవసరమయ్యే నియమాలు కొన్నే. ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగ్ తీసుకెళ్లొద్దు. బాణసంచా, ఫ్లేర్లు నిషేధం. అయినా ఎవరో ఒకరు వెలిగిస్తారు, జరిమానా క్లబ్ కడుతుంది. దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లతో నేను ఏకీభవించను. పక్కనున్నవాడి జాకెట్ అంటుకుంటే ఎవరిది బాధ్యత? బీరు నిలబడ్డ చోటికే తెచ్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో మైదానం కనిపించే చోట తాగడం 1985 చట్టం ప్రకారం నేరం కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన స్నేహితులు దీన్ని నమ్మలేరు. 2024 మేలో మా ఆటగాడు మార్కో రాయిస్ చివరి హోమ్ మ్యాచ్ రోజు స్టేడియం అందరికీ బీరు ఆయన ఖర్చే. పైగా ఫ్రీ కిక్‌తో గోల్ కూడా కొట్టాడు. అవతలి టీమ్ జెర్సీ వేసుకుని సౌత్ స్టాండ్‌లోకి రావొద్దు. వాళ్ల కోసం నార్త్ వైపు వేరే చోటు ఉంటుంది, లీగ్‌లో పది శాతం, యూరప్ మ్యాచ్‌ల్లో ఐదు శాతం టికెట్లు వాళ్లవి.

అసలు కష్టం టికెట్ దొరకడమే. సౌత్ స్టాండ్ దాదాపు అంతా సీజన్ టికెట్ల వాళ్లదే. తాతల నుంచి మనవళ్లకు వస్తున్నవి ఉన్నాయి. నాకు ఆఫీసులో ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పుల వల్ల తన కార్డు ఇవ్వడంతో మొదలైంది. మీరు క్లబ్ సభ్యత్వం తీసుకుని అధికారిక అమ్మకం కోసమే చూడండి. ఒక రీసేల్ సైట్లో ఐదింతలు పెట్టి కొన్న మా స్నేహితుణ్ణి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు, డబ్బూ తిరిగి రాలేదు.

ఈ స్టాండ్ మీద నా ప్రేమ స్థిరపడింది మాత్రం టైటిల్ చేజారిన రోజే. 2023 మే 27న, సీజన్ చివరి మ్యాచ్‌లో మైంజ్‌ని గెలిస్తే చాలు, లీగ్ టైటిల్ మనదే. పదిహేనో నిమిషంలో గోల్ తిన్నాం, హాలర్ పెనాల్టీ పోయింది, ఇంకో గోల్ తిన్నాం. చివరికి 2-2. అదే సమయంలో అక్కడ కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా కొట్టిన గోల్‌తో మాతో పోటీలో ఉన్న బాయర్న్ మ్యూనిక్ ఛాంపియన్. కోచ్ టెర్జిచ్ కన్నీళ్లతో మా స్టాండ్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒక్కరూ తిట్టలేదు. ఏడుస్తూనే పాడారు, నేనూ పాడాను. ఓడితే దిష్టిబొమ్మలు తగలబెట్టే క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి అది నా మనసులో నాటుకుపోయింది.

మొదటిసారి వెళ్లేవాళ్లు బాయర్న్ మ్యాచ్ కోసం, డెర్బీ కోసం పట్టుబట్టకండి. శనివారం మధ్యాహ్నం 3:30కి పట్టికలో మధ్యలో ఉన్న టీమ్‌తో ఆడే మ్యాచ్ చూసుకోండి. టికెట్ దొరికే అవకాశం ఎక్కువ, చోటు కాస్త సర్దుకుంటుంది, పక్కవాళ్లు పాటల్లో మాటలు ఓపిగ్గా నేర్పుతారు. చలికాలమైతే మందపాటి బూట్లు వేసుకోండి, కాంక్రీట్ నుంచి వచ్చే చలి ముందు పాదాలకే పడుతుంది.