మా డైనింగ్ హాల్ క్రాకరీ యూనిట్: ఏడేళ్లు వాడాక

పోయిన ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, అచ్చం మీ ఇంట్లో ఉన్నలాంటి క్రాకరీ యూనిట్టే చేయించుకుందామనుకుంటున్నాం, కొలతలు పంపవా?" అంది. పంపడానికి నాకు చేతులు రాలేదు. మా ఇంటికొచ్చినవాళ్లంతా దాన్ని మెచ్చుకునే మాట నిజమే. రాత్రిపూట లైట్లు వేస్తే ఫొటోలో బ్రహ్మాండంగా కనబడుతుంది. కానీ దాంతో రోజూ కాపురం చేసేది నేను.

అచ్చం అలాంటిది మాత్రం వద్దే అని, ఎందుకు వద్దో చెప్పడం మొదలుపెడితే ముప్పావుగంట పట్టింది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని అదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది నిజాంపేటలో ఫ్లాట్. 2018లో గృహప్రవేశం. డైనింగ్ భాగం వెడల్పు 10 అడుగులు. ఒక పక్క గోడ 8 అడుగులు, దాని చివర రెండడుగుల్లో చేతులు కడుక్కునే బేసిన్. మిగిలిన ఆరడుగుల్లో ఈ యూనిట్ వచ్చింది. కింద 34 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల లోతు ఉన్న అరలు, వాటి మీద నల్ల గ్రానైట్. ఆ పైన 20 అంగుళాలు ఖాళీ. దాని పైన 12 అంగుళాల లోతుతో గాజు తలుపుల అరలు, లోపల గాజు షెల్ఫులు, లైట్లు. అన్నీ కలిపి నేల నుంచి 7 అడుగులు. డ్రాయింగ్ చూపించినప్పుడు మేం అడిగిన ప్రశ్నలన్నీ చెక్క మీద అతికించే లామినేట్ రంగు గురించే. లోపల ఏం పెడతామన్నది ఇంటీరియర్ వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. తర్వాత వచ్చిన తిప్పలు చాలావరకు దాని పిల్లలే.

మొదటి దెబ్బ సామాన్లు సర్దిన రోజునే తగిలింది. పెళ్లిలో వచ్చిన డిన్నర్ సెట్, ఇన్నాళ్లూ అట్టపెట్టెలోనే ఉన్నది, ముచ్చటగా తీసి గాజు అరలో పేర్చాను. తలుపు వేస్తే పూర్తిగా పడలేదు. చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది. నెడితే "టిక్" మని ప్లేటు అంచు గాజుకి తగులుతోంది. టేపు పెట్టి కొలిస్తే ప్లేటు సరిగ్గా 11 అంగుళాలు. అర 12 అంగుళాలే కదా అనుకుంటాం. ఆ 12 బయటి కొలత. వెనక ప్లైవుడ్, ముందు తలుపు మందం పోతే లోపల మిగిలేది 11కి కాస్త తక్కువే. పండగలకి వాడే స్టీలు కంచాలు ఇంకా పెద్దవి, 13 అంగుళాలు. వాటి సంగతి ఎత్తకపోవడమే మంచిది. క్రాకరీ యూనిట్ అని పేరు పెట్టుకున్నదాంట్లో క్రాకరీ పట్టలేదు. ఇప్పుడు ఆ అరల్లో కప్పులు, గాజుగ్లాసులు, గృహప్రవేశానికి వచ్చిన బహుమతులు, పిల్లలు గెలుచుకున్న కప్పులు, షీల్డులు ఉన్నాయి. పైన 14 అంగుళాల లోతు ఉండి ఉంటే డిన్నర్ సెట్‌కైనా ఈ గొడవ ఉండేది కాదు.

ఇక మెచ్చుకోవాల్సింది కింద ఉంది. కింద భాగం మూడు నిలువు వరసలు. నేను మూడింటికీ తలుపులే అడిగాను. ఇంటీరియర్ వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాడు మాత్రం, "మేడమ్, ఒక్క వరసైనా డ్రాయర్లు పెట్టించుకోండి, తర్వాత నన్నే తలుచుకుంటారు" అన్నాడు. ఖర్చు పెంచడానికే చెబుతున్నాడని మేం లోపల అనుకున్నాం. సరేలే అని ఒక్క వరస ఒప్పుకున్నాం. ఏడేళ్లుగా నిజంగానే తలుచుకుంటున్నాను. పైది 6 అంగుళాలు: స్పూన్లు, గరిటెలు, వేడి గిన్నెల కింద పెట్టే చాపముక్కలు, ఇంకా ఏ ఇంట్లోనైనా చేరే తాళాలు, మాత్రలు, రబ్బరు బ్యాండ్లు. మధ్యది 9 అంగుళాలు: రోజూ తినే కంచాలు, గ్లాసులు. కిందది 12 అంగుళాలు: హాట్‌బాక్సులు. ఒక్కసారి లాగితే వెనక మూలన ఉన్నది కూడా కనబడుతుంది. వంగక్కర్లేదు, తల లోపల దూర్చక్కర్లేదు.

పక్కన తలుపుల వెనక ఉన్న అరలు రెండు చీకటి కొట్లు. ముందు వరసలో ఉన్నవే వాడతాం. ఆ మధ్య పాత ఇత్తడి మరచెంబు ఎక్కడో పోయిందని ఇల్లంతా వెతికి, పోయిందనే ఒప్పేసుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత ఆ అర వెనక మూలలో, స్టీలు బేసిన్ల కింద దొరికింది.

డ్రాయర్లలోనూ ఒక లోపం ఉంది. మొదట వేసిన చానెళ్లు, అంటే డ్రాయర్ జారే పట్టాలు, మామూలువి. స్టీలు కంచాలు రెండు డజన్లు పెడితే రెండేళ్లకే మధ్య డ్రాయర్ ముందుకు వాలింది, లాగితే గరగరమనేది. 45 కిలోలు మోసే టెలిస్కోపిక్ చానెళ్లు వేయించాక మళ్లీ దాని జోలికి పోలేదు. స్టీలు సామాను బరువు మనకి తెలియదు. ఒక్కొక్కటీ ఎత్తుతాం కదా. తలుపులు తిరిగే హింజులు మాత్రం హెట్టిక్ కంపెనీవి వేయించాం, ఇప్పటిదాకా ఒక్కటి కూడా వదులవలేదు.

డ్రాయర్ల గురించి ఇంకొకటి, ఇది కొంచెం నవ్వొచ్చే సంగతి. భోజనాల బల్ల వెడల్పు 3 అడుగులు. యూనిట్ 18 అంగుళాలు తినేసింది. బల్లకీ యూనిట్‌కీ మధ్య 36 అంగుళాలు, బల్లకి అవతల 30. లెక్క వేసి చూడండి, 10 అడుగులూ అయిపోయాయి. ఆ 36 అంగుళాల్లో కుర్చీ వేసుకుని మనిషి కూర్చుంటే వెనక మిగిలేది 14. డ్రాయర్ పూర్తిగా తెరవాలంటే 16 కావాలి. అంటే భోజనాల వేళ, సరిగ్గా స్పూన్లు కావాల్సినప్పుడే, డ్రాయర్ తెరుచుకోదు. మా బావగారు వచ్చినప్పుడల్లా ఆ కుర్చీలోనే కూర్చుంటారు. "లేవమంటారా అమ్మా?" అని ఆయనే నవ్వుతూ అడుగుతారు. డ్రాయర్ల వరస ఆ కుర్చీ వెనక కాకుండా అటు చివరకి జరిపించి ఉంటే సరిపోయేది. డ్రాయింగ్‌లో బల్ల ఉంది, కుర్చీలూ ఉన్నాయి. కుర్చీల్లో మనుషులు లేరు.

ఇప్పుడు నీళ్ల సంగతి. బేసిన్ పక్కనే యూనిట్ కదా. చేతులు కడుక్కుని విదిలించుకునే అలవాటు మన ఇళ్లలో ఎవరికి లేదు? పైగా రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తాం. మూడో వానాకాలానికి బేసిన్ వైపు పక్కచెక్క కింద అంచు ఉబ్బింది. అంచుకి అతికించిన ఎడ్జ్‌బ్యాండ్ ఊడొచ్చింది. వేలితో నొక్కితే తడిసిన రస్కులా లోపలికి దిగింది. వాటర్‌ప్రూఫ్ అని నోటితో చెప్పారు, బిల్లులో మాత్రం ఉట్టి "18 ఎంఎం ప్లై" అని ఉంది. చెడిపోయిన చెక్క ఊడదీసినప్పుడు వెనక ముద్ర చూశాం. ఐఎస్ 303, ఎంఆర్ గ్రేడ్. అంటే గాలిలో తేమకి తట్టుకుంటుంది, నీళ్లకి తట్టుకోదు. నీళ్లకి తట్టుకునేది ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ, దాన్నే మెరైన్ ప్లై అంటారు. బిగించాక లామినేట్ కింద ఏముందో దేవుడికే తెలియాలి. షీటు కోయకముందే ముద్ర చూసి ఫొటో తీసుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది.

ఆ ఏడాది సంక్రాంతికి మా అత్తయ్య గుడివాడ నుంచి వచ్చి ఆ ఉబ్బిన చెక్కని చూశారు. "మీ మామయ్య గోడలో గూడు వదిలించి కడప బండలు వేయించారు. నలభై ఏళ్లయింది, ఇంతవరకు చెక్కుచెదరలేదు" అన్నారు. నిజమే, వాళ్లింట్లో ఆ అలమర నేనూ చూశాను. మందపాటి గోడలో గూడు, నాలుగు నల్ల బండలు, ముందు టేకు తలుపులు. చెదలు లేవు, ఉబ్బడం లేదు, వంగడం లేదు. అలాగని ఆవిడ చెప్పినంత మచ్చ లేనిదీ కాదు. కడప బండ సున్నపురాయి. పులుపు పడితే తింటుంది. ఆవిడ ఆవకాయ జాడీ పెట్టే చోట తెల్లగా గుండ్రటి మచ్చ ఉంది, ఎంత తోమినా పోదు. ఆ మాట నేను అనలేదులెండి. అయినా ఫ్లాట్లలో గూడు వదిలేంత గోడలెక్కడివి? నాలుగున్నర అంగుళాల గోడలో అగ్గిపెట్టె పెట్టుకోవడానికి కూడా చోటుండదు. అందుకే ఇవన్నీ గదిలోకి పొడుచుకొస్తాయి.

కాకపోతే అత్తయ్య మాట ఒక రకంగా పనికొచ్చింది. పక్కచెక్కను కింద అడుగు మేర కోయించి, ఆ చోట గ్రానైట్ ముక్క నిలువుగా బిగించాం. మొత్తం యూనిట్‌ని లేపి కింద 4 అంగుళాల పీవీసీ కాళ్లు పెట్టించాం. దానికి రెండు రోజుల పని, ఇల్లంతా దుమ్ము. నాలుగేళ్లయింది, మళ్లీ ఉబ్బలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చదరపు అడుగుకి 1,350 రూపాయలన్నారు. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 42 చదరపు అడుగులు, 56,700. గాజు, లైట్లు, గ్రానైట్, హింజులు వేరు. ఏడాది తర్వాత ఏదో కాగితం వెతుకుతూ ఆ బిల్లు మళ్లీ చూస్తే వెలిగింది. మధ్యలో ఉన్న 20 అంగుళాల ఖాళీని కూడా ఆ 42లో కలిపేశారు. అక్కడ చెక్క లేదు, తలుపు లేదు, మా గోడా మా టైల్సే. 10 చదరపు అడుగుల గాలికి 13,500 కట్టాం. అడిగితే "ఫ్రంట్ ఏరియా మీదే లెక్క మేడమ్, అందరికీ అంతే" అన్నారు. ఖాళీని లెక్కలోంచి తీసేయమని ముందే అడిగి రాయించుకోండి. మా ఆయన ఇప్పటికీ ఆ ఖాళీని "ప్రీమియం గాలి" అంటారు.

లైట్లు రెండేళ్లు వెలిగాయి. తర్వాత ఒక వరస మినుకు మినుకుమని ఆరిపోయింది. లైట్ల స్ట్రిప్పు బాగానే ఉంది, దానికి కరెంటు అందించే డ్రైవర్ కాలిపోయింది. దాని ఖరీదు కొన్ని వందలే. కానీ దాన్ని వెనక చెక్క అవతల పెట్టి మూసేశారు. అరలన్నీ ఖాళీ చేసి, చెక్కకి చెయ్యి పట్టేంత రంధ్రం కోయాల్సి వచ్చింది. ఇప్పుడది యూనిట్ పైన, స్టూలెక్కితే అందే చోట ఉంది.

నిజానికి ఆ లైట్లు వేసేది చుట్టాలొచ్చినప్పుడే. వేశామంటే దుమ్ము కనబడుతుంది. గాజు తలుపులున్నా సందుల్లోంచి వచ్చి చేరుతుంది. గాజు షెల్ఫు మీద అయితే వేలి ముద్ర కూడా దాగదు. పై అరలో కొండపల్లి దశావతారాల బొమ్మలు పెట్టాను. మొదట్లో తెలియక తడిగుడ్డతో తుడిస్తే మత్స్యావతారానికి ముక్కు దగ్గర రంగు లేచింది. ఇప్పుడు పెయింటు బ్రష్షుతో దులుపుతాను. పక్కన ఏటికొప్పాక లక్కబొమ్మలు నయం, పొడిగుడ్డతో తుడిస్తే మెరుస్తాయి. ఇత్తడి సామాను గాజులో పెట్టాలని సరదాపడేవాళ్లకి ఒక్క మాట: నెలకోసారి చింతపండూ ఉప్పూ పట్టించి తోమే ఓపిక ఉందేమో చూసుకోండి. నాకు లేదు. మా ఇత్తడంతా లోపలి చీకటి అరలోకి వెళ్లిపోయింది. గాజు ఒక్క వరస చాలు, మిగతా రెండూ చెక్క తలుపులే నయం. ఏడేళ్లలో నా ఖాయమైన అభిప్రాయం ఇది.

యూనిట్ మీద, సీలింగ్ కింద రెండడుగులు ఖాళీగా వదిలేశారు. బల్లులకి, బూజుకి అదొక మేడ. 2021లో లాఫ్ట్ తలుపులు పెట్టించి మూసేశాం. ఇప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టెలు అక్కడే.

నేను ఊహించనంత పనికొచ్చింది గ్రానైట్ గట్టు. వంటింట్లోంచి తెచ్చిన అన్నం గిన్నె, పప్పు, పెరుగు, అప్పడాల డబ్బా అన్నీ దాని మీదే. బల్ల మీద కంచాలకి చోటు మిగులుతుంది, వడ్డించడం తేలిక. నలుగురొస్తే అదే బఫే. కానీ అక్కడ ఇచ్చింది ఒకే ఒక్క 6 ఆంపియర్ల సాకెట్. కెటిల్ ప్లగ్గు 16 ఆంపియర్లది, అందులో దూరదు. ఎవరైనా వచ్చి టీ అంటే కెటిల్ పట్టుకుని మళ్లీ వంటింట్లోకే పరుగు. టైల్స్ వేసేశాక గోడ పగలగొట్టించడానికి మనసొప్పక అలాగే వదిలేశాం.

చెల్లెలికి చివరికి కొలతలు పంపలేదు. పాత న్యూస్‌పేపర్ పరిచి, ఇంట్లో ఉన్న కంచాల్లో అన్నిటికంటే పెద్దది బోర్లించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి కొలవమన్నాను. పెద్ద హాట్‌బాక్సు ఎత్తు కూడా. "కార్పెంటర్ రేపు పొద్దున్న వస్తున్నాడే, ఇప్పుడు కంచాలు కొలవమంటావేంటి?" అని విసుక్కుంది. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. న్యూస్‌పేపర్ మీద గుండ్రటి గీత, మధ్యలో స్కేలు, కింద ఒక మాట: "పదమూడున్నరే అక్కా! వాడు అర పన్నెండు గీశాడు."