రెండు వర్షాకాలాలు వాడాక: ఎయిర్‌గన్ గాలి ఫిల్టర్‌కి ఆ 150 బార్ వాల్వే ప్రాణం

కంప్రెసర్‌కీ, ఎయిర్‌గన్‌కి గాలినిచ్చే సిలిండర్‌కీ మధ్య కూర్చుని గాలిలోని తేమ, నూనె పట్టే గొట్టం ఇది. లోపల సీవ్ (తేమ పీల్చే పూసలు) ఎంత పడుతుంది, గొట్టం ఎంత లావు అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు. నన్ను కట్టిపడేసింది బయటికెళ్లే దారిలో ఉన్న వాల్వు. ఫిల్టర్ లోపల ఒత్తిడి 150 బార్ చేరేదాకా అది సిలిండర్‌లోకి గాలి వదలదు.

విశాఖ ఉక్కపోతలో దీని విలువ లెక్కేస్తే తెలుస్తుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీళ్లుంటాయి. ఖాళీ 3 లీటర్ల సిలిండర్‌ని 300 బార్‌కి నింపితే ఇంచుమించు 20 గ్రాములు, నాలుగు టీస్పూన్లు. అదంతా సీవ్ తాగేస్తుందనుకోవద్దు, తన బరువులో ఐదోవంతు పడితే గొప్ప. ఒత్తిడికి నీరై అడుగున చేరినదాన్ని డ్రెయిన్ స్క్రూతో తోసేయాలి. మిగిలిన ఆవిరే సీవ్ వంతు. 50 బార్ దగ్గరే ఫిల్టర్ దాటిన గాలి, 150 దగ్గర దాటినదానికంటే మూడు రెట్లు ఆవిరి మోసుకెళుతుంది. వాల్వు అడ్డుకునేది దాన్నే.

మొదటి నెలల్లో దీన్ని బిగించి మర్చిపోవచ్చని అందరికీ చెప్పాను. ఆ మాట జూలై దాకానే చెల్లింది.

ఫిల్టర్ గేజి ముల్లు 150 దాటాకే సిలిండర్ ముల్లు కదలాలి. జూలైలో రెండూ మొదట్నుంచీ కలిసే లేచాయి. గాలంతా వదిలి, రెండూ సున్నాకి వచ్చాక విప్పితే, అడుగు దూది తేనెరంగులో జిగటగా ఉంది, కంప్రెసర్ నూనె. వాల్వు ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) మీద వెంట్రుకంత గీత, అందులో తెల్లటి పొడి. డ్రెయిన్ పది నిమిషాలకోసారి, అదీ గబుక్కున తిప్పడమే తప్పు. నీళ్లు పైకెక్కి సీవ్‌ని తడిపాయి, ఒత్తిడి ఒక్కసారిగా పడి పూసలు ఒరుసుకున్నాయి, ఆ పొడి, పూసల్ని పట్టి ఉంచే ఫెల్ట్ బిళ్ల వదులుగా ఉండటంతో దాని పక్కనుంచి వాల్వు సీటులోకి జారింది. రైఫిల్‌లో ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్‌దాకా వెళ్లకపోవడం అదృష్టం.

ఇప్పుడు 90 డ్యూరోమీటర్ గట్టిదనం ఉన్న ఓ-రింగ్, పలచగా సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు వద్దే వద్దు, 300 బార్ గాలిలో నిప్పంటుకోగలదు. ఫెల్ట్ బిళ్ల గొట్టానికి బిగుతుగా పట్టాలి, ఊపితే పూసలు గలగలమనకూడదు. డ్రెయిన్ మూడు నిమిషాలకోసారి, నెమ్మదిగా. ఫిల్టర్‌కి ముందు స్టీలు కాయిల్‌ని బకెట్ నీళ్లలో ముంచాలి, ఎందుకంటే 60 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలికంటే నాలుగు రెట్లు ఆవిరి పట్టుకుంటుంది. వాడిన సీవ్‌ని ఇంటి ఓవెన్‌లో ఆరబెట్టడం దండగ. దానికి 250 డిగ్రీలు దాటాలి, నూనె పట్టినదైతే ఎలాగూ పనికిరాదు.

బీచ్ రోడ్డుకి ఇంత దగ్గరగా, వారానికి రెండు సిలిండర్లు నింపే నాకైతే పెట్టిన డబ్బు దక్కింది. అనంతపురం ఎండల్లో నింపేవాళ్లకి ఇంత హడావుడి అక్కర్లేకపోవచ్చు. రైఫిల్‌కున్న గాలి గొట్టం ఒక్కటే 150 నుంచి 250కి నింపుకునేవాళ్లూ కొనేముందు ఆలోచించుకోవాలి: వాళ్లకి ఈ వాల్వు పని రైఫిల్‌లో మిగిలిన గాలే చేసిపెడుతుంది.